మెట్ల మీద తడి

"చచ్చిపోయినవాళ్ళ అడుగులు తుడవడానికి నేను జీతానికి ఒప్పుకోలేదమ్మా. పొయ్యి బూడిద ఎత్తుతాను, గచ్చు కడుగుతాను, కుండలు తోముతాను. ఇది మాత్రం నావల్ల కాదు."

పనిమనిషి డోర్కస్ తన చెక్కపెట్టె మెట్ల కింద పెట్టుకుని, తలకి టోపీ బిగించి కట్టుకుని నిలబడింది. మాట్లాడుతున్నది టాబిథాతోనే గాని చూపు మాత్రం మెట్లమీద నుంచి కదలడం లేదు.

ఆ అడుగులు వీధి గుమ్మం దగ్గర మొదలయ్యాయి. చెప్పులు లేని చిన్న పాదాలు. గచ్చుమీద నీటి మరకలుగా, తివాచీమీద నల్లటి తడిగా, ఒక్కొక్క మెట్టే ఎక్కి, పై అంతస్తులో ఎడమవైపు తిరిగి, ఆగస్టా గది తలుపు ముందు ఆగిపోయాయి.

ఆగస్టా పోయి ఏడాది దాటింది.

"నోరు ముయ్యవే తల్లీ! వీధిలోకి వినబడుతుంది," అంది టాబిథా. ఆమె పోయిన సర్ జార్జ్ వెంట్రిస్‌కి చెల్లెలు. పెళ్ళి కాలేదు. మోకాళ్ళ నొప్పులకి రోజూ బాత్ నగరపు వేడి బుగ్గల నీళ్ళు తాగుతుంది, ఆ నీళ్ళంత చేదుగానే మాట్లాడుతుంది. "వానాకాలం. ఎక్కడో కారుతోంది."

"పైకప్పు కారితే పాదాల్లా కారుతుందా అమ్మా? వేళ్ళు కూడా కనిపిస్తున్నాయి చూడండి."

ఆగస్టా చెల్లెలు హెస్టర్ పై మెట్టు మీద నుంచి వంగి చూసింది. వేళ్ళు నిజంగానే కనిపిస్తున్నాయి. ఆమె తన పాదం ఆ మరక పక్కన పెట్టి చూసుకుంది. తనది చాలా పెద్దది. హెస్టర్‌కి తండ్రి పాదాలు వచ్చాయి. అక్కవి చిన్నవి, ముద్దుగా ఉండేవి. బంతిలాట మైదానంలో కూడా కుర్రాళ్ళు బంతి వదిలేసి వాటివైపే చూసేవాళ్ళని అత్త వేళాకోళం చేసేది.

"చిన్నమ్మగారూ, మీరైనా చెప్పండి," అంది డోర్కస్. "వాన పడ్డ ప్రతి తెల్లారీ ఇదే. పోయిన పెద్దమ్మాయిగారికి ఏదో తీరలేదు. దేనికోసమో వస్తోంది."

"దేనికోసం?"

"నాకేం తెలుసు? బతికున్నవాళ్ళు అడగాలి."

ఫలహారాల గదిలోంచి పింగాణీ గిన్నెమీద చెంచా తాకిన చప్పుడు వచ్చింది. ఆ వెంటనే హెస్టర్ తల్లి లేడీ వెంట్రిస్ గొంతు. "డోర్కస్, ఆ టోపీ తీసి లోపలికి రా. రొట్టె కాల్చి తీసుకురా. ఇవాళ సర్ పియర్స్ వస్తున్నాడని తెలీదా? పనివాళ్ళు పారిపోయే రోజు ఇవాళే దొరికిందా?"

డోర్కస్ పెట్టెవైపు చూసింది, హెస్టర్ వైపు చూసింది. టోపీ తియ్యకుండానే వంటింట్లోకి వెళ్ళింది.

* * *

బల్ల దగ్గర కూర్చునేది ముగ్గురు. గిన్నెలు నాలుగు.

నాలుగో గిన్నెలో చాకొలెట్ పోసి ఉంది. పైన మీగడలా తొరక కట్టింది. దాని సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పోసేది లేడీ వెంట్రిసే, తీసేది డోర్కస్. మధ్యలో అందరూ దాన్ని తప్పించి చూస్తారు.

"ఊదారంగు పట్టుగౌను వేసుకో," అంది తల్లి. "నడుం దగ్గర వదులు చేయించాను."

"అది అక్కది."

"అక్కదైతే ఏం? పెట్టెలో పెట్టి చిమ్మటలకి పెడదామా? ఇప్పుడు దానితో అక్కకి పనేముంది?"

"మరి ఆ చాకొలెట్ ఎవరికి పోశావమ్మా?"

టాబిథా చేతిలో రొట్టె ముక్క నోటిదాకా వెళ్ళి ఆగింది.

కిటికీ అద్దాల మీద వాన కొడుతూనే ఉంది. ఆ ఏడు బాత్‌లో ఎండ పొడ లేదు. మే నెల నడుస్తున్నా పొయ్యిలు ఆర్పిన ఇల్లు లేదు. కోతలు ఉండవని పల్లెల్లో జనం భయపడుతున్నారు. పట్నంలో ఆడపిల్లల తల్లులు మాత్రం బురద అంటకుండా వీధుల్లోంచి పల్లకీ కుర్చీలు మోయించుకుంటూ నాట్యాలకి తిరుగుతూనే ఉన్నారు.

"ఆయన నిన్న నలుగురూ ఉన్న నాట్యమందిరంలో, నీ చెయ్యి పట్టుకుని అడిగాడు," అంది లేడీ వెంట్రిస్, విననట్టే. "నువ్వేమో ఒక్కరోజు గడువు కావాలన్నావు. మీ నాన్న నన్నడిగినప్పుడు నేను కుండీకి నీళ్ళు పోస్తున్నాను. పోస్తూనే సరేనన్నాను."

"నాకు గుర్తుంది వదినా," అంది టాబిథా. "ఆ మొక్క కుళ్ళిపోయింది. సరేననేదాకా పోస్తూనే ఉన్నావు."

హెస్టర్‌కి నవ్వు వచ్చి ఆగింది. తల్లి నవ్వలేదు.

"మీ అక్క పోయాక ఆయన ఈ గడప తొక్కడం మానెయ్యొచ్చు. ఊళ్ళో పిల్లలకి కరువా? ఏడాదిపాటు చేతికి నల్లగుడ్డ కట్టుకుని, ఆదివారం ఆదివారం వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కన్నకొడుకైనా కూర్చోడు. ఇవాళ వచ్చి చిన్నదాన్నివ్వమంటే కాదనే మొహం నీకుందా? అక్కని చేసుకోవలసినవాడు..."

"అమ్మా, అక్క ఆయన్ని..."

"అక్క ఆయన్ని?"

తల్లి కళ్ళు ఒక్కసారి ఎలా అయ్యాయంటే, హెస్టర్ ఆ మాట మింగేసింది.

ఆ మాట ఏడాదిగా ఆమె గొంతులో పచ్చి వెలక్కాయలా ఉంది. పోయిన ఏడాది మార్చిలో ఒక సాయంత్రం అత్తతో కలిసి బుగ్గల దగ్గర్నుంచి ఇంటికొచ్చేసరికి, అక్క పళ్ళు టకటకలాడుతూ పక్కమీద ఉంది. జుట్టు తడి. తోటలో పూలు కోస్తుంటే వాన పట్టుకుందని తల్లి చెప్పింది. తల్లి పాలు కాచడానికి కిందికి వెళ్ళగానే ఆగస్టా చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"హెస్టీ, సర్ పియర్స్ అడిగాడు. నేను వద్దన్నాను."

"ఎందుకే? మంచివాడేగా."

"మంచివాడే. కానీ నేను నవ్వినప్పుడు వెంటనే నవ్వడు. చుట్టూ ఎవరైనా నవ్వుతున్నారేమో చూసి అప్పుడు నవ్వుతాడు. ముసలిదాన్నయ్యేదాకా అలా చూస్తూ ఉండలేను."

తెలివిలో ఉండి అన్న చివరి మాట అదే. తెల్లారేసరికి జ్వరం తలకెక్కింది. వారం తిరక్కుండా పోయింది. శవపేటిక దగ్గర లేడీ వెంట్రిస్ సర్ పియర్స్‌ని కౌగిలించుకుని "నా అల్లుడా, నా కొడుకా" అని ఏడ్చింది. అతను కాదనలేదు. ఊరంతా అతన్ని కాబోయే పెళ్ళికొడుకుగానే పరామర్శించింది.

హెస్టర్ కూడా నోరెత్తలేదు. అప్పుడు ఎత్తితే తల్లికి ఆ ఒక్క ఆసరా కూడా పోయేది. ఇప్పుడు ఎత్తితే నమ్మేదెవరు?

* * *

గౌను తేవడానికి మెట్లెక్కుతుంటే టాబిథా మోకాళ్ళు పట్టుకుంటూ వెనకే వచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, ఒక్క మాట. నాకు ఆ పియర్స్ అంటే ప్రేమా లేదు, కోపమూ లేదు. పెద్ద ఇల్లుంది, తాగడు, జూదమాడడు. ఆ మాత్రం మగాడు రోజూ దొరకడు."

"నువ్వైతే చేసుకునేదానివా అత్తా?"

"నన్నెవరడిగారు?" అంది టాబిథా. "అడగని దాని బతుకు ఎలా ఉంటుందో చెప్తాను, విను. మీ నాన్న పోయాడు, ఊళ్ళో ఇల్లూ పొలమూ దాయాదికి పోయాయి. ఈ అద్దె ఇల్లు ఈ సీజను దాకా. ఆ తర్వాత దాయాది గుమ్మంలోనే. వెనకవైపు గది ఇస్తారు. వాళ్ళ పిల్లలకి అక్షరాలు నేర్పుతావు. దాయాది పెళ్ళాం అన్నం చల్లారాక పిలుస్తుంది. నేను మీ అమ్మ దగ్గర ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నాను. మీ అమ్మ మంచిది కాబట్టి వేడిగా ఉన్నప్పుడే పిలిచింది."

హెస్టర్ మెట్టు మీద ఆగింది. అత్త ఇంత మెత్తగా మాట్లాడడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"మరి ఈ అడుగులు, అత్తా?"

టాబిథా కిందికి చూసింది. "మీ అక్క బతికున్నన్నాళ్ళూ ఒట్టి కాళ్ళతో మెట్లెక్కగా నేను చూడలేదు. పోయాక ఎందుకు ఎక్కుతుంది?"

ఆగస్టా గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. ఎవరూ ఉండని గదిలో పొయ్యి మండుతోంది. అది కొత్త కాదు. తల్లి ఆ పొయ్యి ఆరనివ్వదు. పక్క కూడా రోజూ మారుస్తారు. గౌను కుర్చీమీద చేతులు చాపి పడుకున్నట్టుగా పరిచి ఉంది.

కొత్తది ఇంకొకటి కనిపించింది. పొయ్యి ముందున్న ఇత్తడి కంచె మీద ఒక జత మేజోళ్ళు ఆవిర్లు కక్కుతూ ఆరుతున్నాయి. నల్లటివి, కాలివేళ్ళు కనిపించేంత పల్చటివి. సంతాపం తీరని విధవ తొడిగేవి. మడమల దగ్గర అంతా బురద.

వెనక తలుపు కిర్రుమంది.

లేడీ వెంట్రిస్ గుమ్మంలో నిలబడింది. హెస్టర్ చూపు తల్లి పాదాల మీదికి దిగింది. ఎన్నేళ్ళుగానో చూస్తున్న పాదాలు. చిన్నవి, ముద్దుగా ఉండేవి. అక్కకి అవి ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

"తెల్లారుజామున ఎక్కడికెళ్ళావమ్మా?"

"ఎక్కడికీ లేదు."

"వానలో?"

"ఎక్కడికీ లేదన్నానుగా."

"డోర్కస్ అక్క దయ్యమైందనుకుని పెట్టె సర్దుకుంది. నేను కూడా..." హెస్టర్ ఆ మేజోళ్ళ వైపు చూసింది. "నేను కూడా రాత్రుళ్ళు చెవులు రిక్కించుకుని పడుకుంటున్నానమ్మా. నీకు తెలుసా?"

తల్లి మేజోళ్ళు తీసి, ఇంకా తడిగా ఉండగానే మడిచి, జేబులో పెట్టుకుంది. అప్పుడు గౌను ఎత్తి పట్టుకుంది.

"చేతులు ఎత్తు."

హెస్టర్ వద్దందామనుకుంది. తల్లి జేబు చుట్టూ పాకుతున్న తడి చూసి చేతులెత్తింది. వెనక కొక్కేలు పెడుతున్నంతసేపూ తల్లి వేళ్ళు మంచుముక్కల్లా వీపుకి తగిలాయి. ఆఖరి కొక్కెం పడగానే కింద తలుపు తట్టిన చప్పుడైంది.

"ముందే వచ్చేశాడు," అంది లేడీ వెంట్రిస్. ఆ మాటలో ఆనందం ఉండవలసింది. లేదు.

* * *

సర్ పియర్స్ హాలెట్ కిటికీ దగ్గర వీధివైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ముప్ఫై అయిదు దాటినవాడు. పొడుగు. భుజాలు కొంచెం వంగి ఉంటాయి. ఎడమచేతికి నల్లగుడ్డ లేదు. ఆ ఒక్క గుడ్డ లేకపోయేసరికి ఎవరో కొత్తమనిషిలా కనిపించాడు.

గౌను అంచు గచ్చుమీద రాసుకున్న చప్పుడుకి వెనక్కి తిరిగాడు.

ముఖంలో నెత్తురు లేదు.

"ఆగస్..." అన్నాడు. మిగతా సగం మింగి, తల వంచాడు. "మిస్ వెంట్రిస్."

అది కూడా అక్క పేరే. ఇంటిపేరుతో పిలిచే మర్యాద పెద్దకూతురిది. అక్క ఉన్నన్నాళ్ళూ ఈమె ఒట్టి మిస్ హెస్టర్. అక్క పోగానే పేరు కూడా గౌనులాగే ఈమెకి వచ్చింది.

"కూర్చోండి సర్ పియర్స్."

"నిలబడే ఉంటాను. మీరు కూర్చోండి."

ఎవరూ కూర్చోలేదు.

"నిన్న నన్ను ఒక మాట అడిగారు," అంది హెస్టర్. "ఇవాళ నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మా అక్కని ఇదే గదిలో అడిగారు కదా. ఏం జవాబు చెప్పింది?"

అతను పొయ్యి వైపు చూశాడు. పొయ్యిలో బొగ్గు ఒకటి విరిగి పడింది.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ సాయంత్రం నుంచే."

అతను మెల్లగా కుర్చీ వెనకభాగం పట్టుకున్నాడు. "అయితే ఏడాదిగా నేను ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా, మీరు నా టోపీ అందుకున్నప్పుడల్లా, మీకు తెలిసే..."

"తెలిసే."

"కాదంది," అన్నాడు. "చాలా మర్యాదగా కాదంది. నేను వెళ్ళిపోయాను. తర్వాత కబురొచ్చింది. వచ్చాను. మీ అమ్మగారు నన్ను పట్టుకుని కొడుకా అన్నారు. మా అమ్మ నేను పుట్టగానే పోయింది మిస్ వెంట్రిస్. నన్నెవరూ ఆ మాటతో పిలవలేదు. శవం ముందు నిలబడి, 'అమ్మా, మీ అమ్మాయి నన్ను వద్దంది' అని చెప్పమంటారా?"

"అప్పుడు కాదు. తర్వాతైనా."

"తర్వాత ఒక్కో ఆదివారం ఇంకా కష్టమైంది."

అది అబద్ధం కాదని హెస్టర్‌కి తెలుసు. తనకీ అలాగే అయింది.

"నన్ను నిజంగా చేసుకోవాలనుకుంటున్నారా?" అంది. "కోపం లేదు. చెప్పండి. నేను నవ్వితే నా ముఖం ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా?"

అతను నిజాయితీగా గుర్తు తెచ్చుకోబోయాడు. అది అతని ముఖంలో కనిపించింది. దొరకలేదు.

"ఈ ఇంట్లో ఉంటేనే నాకు నిద్రపడుతుంది," అన్నాడు చివరికి. "మీ అమ్మగారి పక్కన ఆ కుర్చీలో. మిమ్మల్ని చేసుకుంటే ఈ ఇల్లు నాదవుతుందనుకున్నాను. అంతకంటే నాకేమీ తెలీదు."

"నాకు వద్దు సర్ పియర్స్."

ఆమె మెల్లగానే అంది. అతను తల ఊపాడు. బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఏదో చెప్పబోయి, గౌను వైపు మరోసారి చూసి, చెప్పకుండా వెళ్ళిపోయాడు.

* * *

వీధి తలుపు మూసుకున్న చప్పుడుకి లేడీ వెంట్రిస్ ఎదురుగదిలోంచి వచ్చింది. ఆమె వెనక టాబిథా.

"ఇంత తొందరగా వెళ్ళాడేం? ఏమన్నావు?"

"వద్దన్నానమ్మా."

"ఏంటీ?"

"వద్దన్నాను."

తల్లి ముఖం ఎర్రబడలేదు. తెల్లగా, గట్టిగా అయింది. రెండంగల్లో వచ్చి కూతురి భుజం పట్టుకుని తలుపు వైపు తోసింది.

"వెళ్ళు! బండి ఇంకా మలుపు దాటలేదు. పరుగెత్తు. శాలువా ఎందుకు, నువ్వొచ్చేలోపు వెళ్ళిపోతాడు. తప్పయిందని చెప్పు. కాళ్ళమీద పడు. పిలుచుకు వస్తేనే ఈ గడప..."

అక్కడ ఆమె నోరు ఆగిపోయింది. చెయ్యి తనంతట తానే పైకి లేచి పెదాల మీద పడింది.



"శాలువా మాట నేనెత్తలేదమ్మా," అంది హెస్టర్.

తల్లి గోడకి ఆనుకుంది.

"అక్కతో అన్నావు. ఇవే మాటలు అన్నావు కదూ? అక్క తోటలో పూలు కొయ్యలేదు."

"వదినా," అంది టాబిథా. గొంతులో ఎప్పటి చేదు లేదు. "ఏం చేశావు వదినా?"

"తలుపు పక్కనే ఉన్నాను," అంది లేడీ వెంట్రిస్. ఎవరితోనూ కాక గోడతో చెప్తున్నట్టుంది. "అంతా విన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. పట్టుకుని తోశాను. శాలువా అడిగింది. ఇవ్వలేదు. గొళ్ళెం పెట్టాను. ఆయన్ని తీసుకొస్తే తీస్తానన్నాను. కిటికీలోంచి చూశాను... పరుగెత్తింది. మలుపు తిరిగింది. తిరిగొచ్చేసరికి... 'దొరకలేదమ్మా' అంది. అంతే. నన్నేమీ అనలేదు. నీతో చెప్పిందా హెస్టర్? నేను పంపానని చెప్పిందా?"

"చెప్పలేదు."

"చెప్పి ఉంటే బావుండేది. చెప్పి ఉంటే నువ్వు నన్ను తిట్టేదానివి."

హెస్టర్ తిట్టలేకపోయింది. దగ్గరికి వెళ్ళి చెయ్యీ పట్టుకోలేకపోయింది.

లేడీ వెంట్రిస్ గోడ వదిలి, నిటారుగా నిలబడి, తలుపు తీసి, టోపీ లేకుండా వానలోకి నడిచింది.

"అమ్మా!"

లాన్స్‌డౌన్ కొండమీది ఆ వీధిలో టోపీ లేకుండా బయటికొచ్చిన దొరసానిని ఎవరూ చూసి ఉండరు. ఎదురింటి కిటికీ తెర కదిలింది. పక్కింటిదీ కదిలింది. టాబిథా గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. హెస్టర్ గౌను ఎత్తి పట్టుకుని తల్లి వెనక పరుగెత్తింది.

కొండ దిగేముందు చక్రానికి ఇనుప అడ్డు బిగించడానికి బండివాడు కిందికి దిగాడు. అందుకే బండి ఇంకా మలుపు దగ్గరే ఉంది. లేడీ వెంట్రిస్ నేరుగా వెళ్ళి బండి తలుపు మీద అరచేత్తో కొట్టింది.

సర్ పియర్స్ తలుపు తెరిచి, ఆమెని చూసి, ఒక్క గెంతులో దిగాడు. "అమ్మా! ఏంటిది? తడిసిపోతున్నారు."

"నన్నలా పిలవకు," అంది ఆమె. "విను. మా ఆగస్టా నిన్ను కాదంది. ఆ సంగతి నాకు ఆవేళే తెలుసు. నిన్ను పిలుచుకు రమ్మని నేనే తోశాను. ఈ వానలాంటి వానలో. అందుకే పోయింది. నేను పంపకపోతే బతికుండేది. నిన్ను కొడుకా కొడుకా అంటే, అది నిజంగా నిన్ను చేసుకుంటానందని అందరూ అనుకుంటారు కదా, నేను కూడా అనుకోవచ్చు కదా అని... అదీ నా ప్రేమ."

వాన అతని జుట్టులోంచి ముఖం మీదికి కారుతోంది. తుడుచుకోలేదు.

"ఆమె వచ్చిందని నాకు తెలుసు," అన్నాడు.

"ఏంటి?"

"బండి వెనక చిన్న కిటికీలోంచి చూశాను. పరుగెత్తుకొస్తోంది. తలమీద ఏమీ లేదు. బండి ఆపమనడానికి చేతికర్ర పైకెత్తాను. పైకప్పు మీద ఒక్కసారి తట్టితే చాలు, ఆగుతుంది." అతను ఖాళీ చెయ్యి పైకెత్తి, గాలిలో ఉంచాడు. "తట్టలేదు. నన్ను వద్దన్న మనిషి కదా, కాస్త తడవనీ అనుకున్నాను."

హెస్టర్ కొద్ది దూరంలో ఆగిపోయింది. బండివాడు చేస్తున్న పని ఆపి, తల ఎత్తకుండా అలాగే కూర్చున్నాడు.

లేడీ వెంట్రిస్ అతన్ని కొడుతుందనుకుంది హెస్టర్. శపిస్తుందనుకుంది. ఆమె అవేమీ చెయ్యలేదు. అతని కోటు అంచు పట్టుకుంది.

"ఎంత దూరం వచ్చింది?"

"లేడీ వెంట్రిస్..."

"ఎంత దూరం వచ్చింది చెప్పు. మా కిటికీలోంచి ఈ మలుపుదాకానే కనిపిస్తుంది. వాన పడ్డప్పుడల్లా, ఎవరూ లేవకుండా చెప్పులు విడిచి మేజోళ్ళతోనే ఇక్కడిదాకా వస్తాను. ఇక్కడ నిలబడిపోతాను. ఇక్కణ్ణుంచి నా బిడ్డ ఎంత దూరం వెళ్ళిందో నాకు తెలీదు. ఎటు వెతకాలో తెలీదు. నువ్వు చూశావుగా. చెప్పు."

అతను కొండ కిందికి చూశాడు. "కింద చర్చి గోడ దాకా. అక్కడ జారి పడింది. లేచింది. లేచి ఇలా చెయ్యి ఊపింది. ఆగమనో, వెళ్ళిపొమ్మనో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు."

"చూపించు."

"ఇంత వానలో వద్దు. రేపు..."

"చూపించు నాయనా."

అతను మోచెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది. నాట్యమందిరానికి బయల్దేరినవాళ్ళలా పక్కపక్కన, జారుడు రాళ్ళమీద ఆచితూచి అడుగువేస్తూ ఇద్దరూ కొండ దిగసాగారు. నాలుగడుగులు వేశాక లేడీ వెంట్రిస్ వెనక్కి తిరగకుండానే అంది.

"హెస్టర్, నువ్వు లోపలికెళ్ళు. తడిసిపోతున్నావు."

హెస్టర్ వెళ్ళలేదు. గాలికి కొట్టుకుంటున్న బండి తలుపు వేసింది. "బండి కిందికి తోలుకురా," అంది బండివాడితో. "మెల్లగా రా. చర్చి దగ్గర ఆగు. తిరిగి ఎక్కేటప్పుడు వాళ్ళిద్దరిలో ఎవరూ నడవలేరు."

"వాళ్ళిద్దరినీ ఒక్క బండిలోనే ఎక్కించాలా అమ్మా?"

హెస్టర్ ఊదారంగు పట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకుని వాళ్ళ వెనకే కొండ దిగడం మొదలుపెట్టింది.